ఉక్కు పోతలో కనబడని ప్రవాహం: కంప్యూటర్ సిమ్యులేషన్‌కు ఏ యంత్రాన్ని ఇస్తున్నాం?

ప్రపంచంలో తయారయ్యే ఉక్కులో 95 శాతానికి పైగా ఇవాళ కంటిన్యువస్ కాస్టింగ్ పద్ధతిలోనే గట్టిపడుతోంది. పైనుంచి కరిగిన ఉక్కు పోస్తూ ఉంటే, కిందినుంచి గట్టిపడిన స్లాబ్ (మందపాటి ఉక్కు పలక) ఆగకుండా బయటికి వస్తూ ఉంటుంది. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు గానీ, ఆ మధ్యలో జరిగేది మాత్రం ఎవరికీ కనిపించదు. లోహం వేడి 1,500 డిగ్రీల సెల్సియస్ పైమాటే. చుట్టూ రాగి గోడలు, పైన పొడి కప్పు. లోపల ప్రవాహం ఎటు తిరుగుతోందో, ఎంత వేగంగా పోతోందో తొంగి చూసే వీలు లేదు. స్లాబ్‌ను రోలింగ్ మిల్లులో పలచటి రేకుగా సాగదీశాక, దాని మీద సన్నటి గీత తేలినప్పుడు గాని పోతలో ఏదో తేడా వచ్చిందని తెలియదు. అప్పటికి ఆ పోత ముగిసి రోజులు గడిచిపోయి ఉంటాయి.

ఈ చీకటి చోటును లెక్కలతో చూసే ప్రయత్నమే ఫ్లో సిమ్యులేషన్. ఇంజినీర్లు సీఎఫ్‌డీ (కంప్యుటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్) అంటారు. దీని విషయంలో రెండు రకాల అతి కనిపిస్తుంది. కొందరికి తెర మీద రంగుల బొమ్మ రాగానే అదే రుజువు. కాస్టర్ (పోత యంత్రం) దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన కొందరికి అదంతా ఏసీ గదిలో వేసుకున్న బొమ్మ. రెండో వర్గం అనుమానాన్ని కొట్టిపారేయలేం. సిమ్యులేషన్ ఇచ్చిన సలహా షాపు ఫ్లోర్ మీద బెడిసికొట్టినప్పుడు, తప్పు తరచుగా సమీకరణాల్లో ఉండదు, వాటికి అప్పగించిన యంత్రంలో ఉంటుంది. డ్రాయింగ్‌లోని కొత్త నాజిల్‌ను (ఉక్కు దిగే గొట్టాన్ని) లెక్కగట్టి, గంటల తరబడి వాడి సగం పూడుకుపోయిన నాజిల్‌కు సలహా చెబితే అది పనికిరాదు.

యంత్రం సంగతి కొంచెం చూద్దాం. లేడిల్‌లో, అంటే కరిగిన ఉక్కును మోసుకొచ్చే పెద్ద పాత్రలో వచ్చిన ఉక్కు ముందు టండిష్ అనే తొట్టిలోకి దిగుతుంది. లేడిల్ మార్చే సమయంలో పోత ఆగకుండా ఆ తొట్టిలోని నిల్వ కాపాడుతుంది. టండిష్ అడుగునుంచి ఒక సిరామిక్ నాజిల్ కిందికి దిగి, మోల్డ్‌లోని ఉక్కులో మునిగి ఉంటుంది. గాలి తగిలితే ఉక్కు ఆక్సీకరణ చెందుతుంది కాబట్టి ఈ జాగ్రత్త. నాజిల్ కింది చివర రెండు పక్కలా రెండు రంధ్రాలుంటాయి. ఉక్కు వాటిలోంచి రెండు ధారలుగా మోల్డ్ ఇరుకు గోడల వైపు దూసుకుపోతుంది. మోల్డ్ అంటే నీళ్లతో చల్లబరిచే రాగి పెట్టె. పొడవు మీటరుకు కాస్త అటూఇటూ. గోడకు ఆనుకున్న ఉక్కు గట్టిపడి పెంకులా ఏర్పడుతుంది. లోపల ఇంకా ద్రవం ఉండగానే ఆ పెంకును రోలర్లు కిందికి లాగుతాయి. ఆపైన నీటి స్ప్రేలు మిగతా పని పూర్తిచేస్తాయి.

ఒక మామూలు స్లాబ్ తీసుకుందాం: మందం 220 మి.మీ., వెడల్పు 1,500 మి.మీ., లాగే వేగం నిమిషానికి 1.2 మీటర్లు. అంటే నిమిషానికి దాదాపు 3 టన్నుల ఉక్కు ఒకే నాజిల్ గుండా దిగాలి. నాజిల్ లోపలి వ్యాసం 75 మి.మీ. అనుకుంటే అందులో వేగం సెకనుకు సుమారు 1.5 మీటర్లు. రేనాల్డ్స్ సంఖ్య లక్ష దాటుతుంది, అంటే ప్రవాహం పూర్తిగా అల్లకల్లోలం. ఇంకోవైపు, ఆ ఉక్కు మోల్డ్‌లో ఉండేది 40 సెకన్ల పాటు మాత్రమే. బయటికి వచ్చే సమయానికి పెంకు మందం 15 నుంచి 20 మి.మీ. దాని వెనక టన్నుల కొద్దీ ద్రవ ఉక్కు తోసుకుంటూ ఉంటుంది. వేడి ధార ఒకేచోట గట్టిగా తగిలి అక్కడ పెంకు పలచబడితే, మోల్డ్ దాటిన వెంటనే చిరిగి ఉక్కు బయటికి కారిపోతుంది. దాన్నే బ్రేకౌట్ అంటారు. అది జరిగితే కాస్టర్ ఆగినట్టే.

కంప్యూటర్లు రాకముందు ఈ రంగానికి దారి చూపింది నీళ్ల మోడల్. గది ఉష్ణోగ్రత దగ్గర నీటికీ, కరిగిన ఉక్కుకూ సాంద్రతలో ఏడు రెట్ల తేడా ఉన్నా, స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే రెండూ దాదాపు ఒకే అంకెకు వస్తాయి. ఈ పోలిక ఇంజినీర్లకు పెద్ద వరం. పారదర్శకమైన ప్లాస్టిక్‌తో పూర్తి పరిమాణం మోల్డ్ కట్టి, నీళ్లు పంపి, రంగు కలిపితే ధార ఎలా వంగుతుందో కళ్లారా చూడొచ్చు. నాజిల్ డిజైన్లలో చాలా భాగం ఇలాగే పుట్టాయి. ఇప్పటికీ ఈ మోడల్ పనికొస్తుంది. కాకపోతే నీటి మోల్డ్‌లో పెంకు ఏర్పడదు. ఉక్కు తలతన్యత నీటికంటే 20 రెట్లకు పైగా ఎక్కువ కాబట్టి, నాజిల్ పూడకుండా పంపే ఆర్గాన్ వాయువు బుడగల పరిమాణం నీళ్లలో వచ్చేదానితో సరిపోలదు. అయస్కాంత క్షేత్రంతో ధారను అదుపుచేసే విద్యుదయస్కాంత బ్రేక్ ప్రభావాన్ని మామూలు నీళ్లలో చూడనే లేం. సిమ్యులేషన్ అవసరం ఇక్కడే మొదలవుతుంది.

లెక్క చేసే పద్ధతి సూత్రంలో సరళమే. ప్రవాహం ఉన్న చోటునంతా లక్షల చిన్న గదులుగా విడగొట్టి, ప్రతి గదిలో ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, ఉష్ణం ఎటుపోతున్నాయో నేవియర్-స్టోక్స్ సమీకరణాలతో లెక్కగడతారు. చిక్కంతా సుడుల దగ్గర. అతి చిన్న సుడిని కూడా పట్టుకునేంత సన్నటి గదులు పెడితే మామూలు ప్లాంటు అవసరాలకు ఏ కంప్యూటరూ చాలదు. అందుకే 1970లలో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో రూపుదిద్దుకున్న కే-ఎప్సిలాన్ వంటి నమూనాలు సుడుల సగటు ప్రభావాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటాయి. ఇది గంటల్లో తేలుతుంది. పెద్ద సుడులను నేరుగా లెక్కగట్టి, చిన్నవాటికి మాత్రమే నమూనా వాడే లార్జ్ ఎడ్డీ పద్ధతికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఏది ఎప్పుడు వాడాలన్నది అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

మోల్డ్‌లో అన్నిటికంటే విలువైన అంకె ఏదంటే, పై ఉపరితలం దగ్గర ఉక్కు వేగం. మామూలు స్లాబ్ కాస్టర్‌లో నాజిల్ నుంచి వచ్చిన ధార ఇరుకు గోడను తాకి రెండుగా చీలుతుంది. ఒక పాయ కిందికి, ఇంకోటి గోడ వెంబడి పైకి. పైకి వెళ్లింది ఉపరితలం కింద నుంచి మళ్లీ నాజిల్ వైపు తిరుగుతుంది. దీన్ని డబుల్ రోల్ అంటారు. ఆ తిరుగు ప్రవాహం వేగం సెకనుకు 0.2 నుంచి 0.4 మీటర్ల మధ్య ఉండేలా చూడటం చాలా చోట్ల లక్ష్యం.

ఈ వేగం హద్దులు ఎందుకంత ఇరుకు? ఉక్కు పైన మోల్డ్ పౌడర్ ఉంటుంది. అది కరిగి స్లాగ్‌గా మారి, గోడకూ పెంకుకూ మధ్య జారి కందెనలా పనిచేస్తుంది, గాలినీ ఆపుతుంది, పైకి తేలిన మలినాలనూ పీల్చుకుంటుంది. ఉపరితల వేగం తగ్గిపోతే అక్కడికి కొత్త వేడి చేరదు. పౌడర్ సరిగా కరగదు. మోల్డ్ అంచు వెంట ఉక్కు కొక్కెంలా లోపలికి గట్టిపడి, తేలి వస్తున్న బుడగలనూ రేణువులనూ తన కింద ఇరికించుకుంటుంది. వేగం పెరిగిపోతే దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఉక్కు ప్రవాహం పైనున్న స్లాగ్‌ను కోసుకుని చుక్కలుగా లోపలికి లాక్కుపోతుంది. నాజిల్ పక్కన సుడిగుండాలు పడి స్లాగ్‌ను కిందికి పీలుస్తాయి. రెండు దారుల్లోనూ చివరికి మిగిలేది రేకు మీది గీతే. అందుకే లోపం తీరు మాత్రమే చూసి వేగం పెంచాలా తగ్గించాలా చెప్పడం కష్టం. అందాజుగా మార్చి చూసే పద్ధతి ఇక్కడ చాలా డబ్బు తినేస్తుంది.

ఈ వేగాన్ని మార్చగల మీటలు చాలానే ఉన్నాయి. నాజిల్ ఎంత లోతుకు మునగాలి, రంధ్రాల కోణం, వాటి పరిమాణం, లాగే వేగం, స్లాబ్ వెడల్పు, ఆర్గాన్ పరిమాణం, అయస్కాంత క్షేత్రం. ఒకదాన్ని కదిపితే ఇంకోదాని ప్రభావం మారుతుంది. రంధ్రాల కోణాన్ని కొన్ని డిగ్రీలు కిందికి వంచితే ఉపరితలం నెమ్మదిస్తుంది, కానీ ధార లోతుకు దిగి మలినాలను కిందికి మోసుకుపోతుంది. ప్లాంటులో ఇన్ని కలయికలను పరీక్షించడం అసాధ్యం. సిమ్యులేషన్‌లో అది కుదురుతుంది. అసలు అంకె పది పదిహేను శాతం తేడాగా వచ్చినా, ఏ డిజైన్ మరోదానికంటే మెరుగన్న వరస సాధారణంగా సరిగ్గానే వస్తుంది. సీఎఫ్‌డీ నుంచి నమ్మకంగా రాబట్టుకోగల లాభం ఈ పోలికే. ఒక్క లెక్కను ఒంటరిగా తీసుకుని ఇదే నిజం అనడం దానిమీద మోయలేని భారం పెట్టడమే.

ఇక డ్రాయింగ్‌కూ నిజానికీ ఉన్న తేడా. టండిష్ నుంచి ఉక్కు ఎంత దిగాలో నియంత్రించడానికి కొన్ని కాస్టర్లలో స్టాపర్ రాడ్ (రంధ్రాన్ని పైనుంచి మూసే కడ్డీ), కొన్నిటిలో స్లైడ్ గేట్ (పక్కకు జరిగే రంధ్రపు ప్లేటు) ఉంటాయి. స్లైడ్ గేట్ పూర్తిగా తెరిచి ఉండటం అరుదు. సగం తిప్పిన కుళాయిలోంచి నీళ్లు ఒక పక్కకు ఒరిగినట్టే, ప్లేటు పక్కనుంచి దిగే ఉక్కు కూడా నాజిల్‌లో ఒక గోడకు అతుక్కుని పోతుంది. ప్లేటు మోల్డ్ వెడల్పు దిశలో జరిగితే ఎడమ కుడి ధారల్లో తేడా వస్తుంది. దానికి అడ్డంగా, మందం దిశలో జరిగితే ఆ తేడా తగ్గుతుంది గానీ ధారలు మెలి తిరుగుతాయి. నాజిల్ పైభాగాన్ని వదిలేసి, రంధ్రాల దగ్గర ఒక సమానమైన వేగాన్ని ఇచ్చి మోల్డ్‌ను మాత్రమే లెక్కగట్టే సిమ్యులేషన్లలో ఈ మెలిక కనిపించనే కనిపించదు. సమయం కలిసొస్తుందని సగం మోల్డ్‌నో, నాలుగోవంతు మోల్డ్‌నో లెక్కగట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ప్రశ్న అడగకముందే, రెండు పక్కలూ ఒకేలా ఉంటాయని జవాబు రాసేసుకున్నట్టు.

పూడిక ఇంతకంటే మొండిది. ఉక్కులోని ఆక్సిజన్‌ను తీసేయడానికి అల్యూమినియం వేస్తారు. దానివల్ల పుట్టే అల్యూమినా రేణువులు నాజిల్ లోపలి గోడకు అంటుకుని పేరుకుంటాయి. కాల్షియం కలిపి వాటిని ద్రవంగా మార్చే ఉపాయం ఉంది గానీ అన్ని గ్రేడ్లకూ అది కుదరదు. పూడిక సమానంగా పెరగదు. ఒక రంధ్రం ముందు మూసుకుపోతుంది, రెండో ధార బలపడుతుంది, మోల్డ్‌లో ఒక సగం ఉరకలు వేస్తుంటే రెండో సగం నిద్రపోతుంది. లాగే వేగం మారకుండానే స్టాపర్ రాడ్ మెల్లగా పైకి జరుగుతూ ఉంటే లోపల పూడుతోందని ఆపరేటర్‌కు అర్థమవుతుంది. అలాంటి హీట్ (ఒక లేడిల్ ఉక్కు పోత) అయిపోయాక వాడిన నాజిల్‌ను నిలువుగా కోసి, పేరుకున్న పొర ఆకారాన్ని కొలిచి, ఆ ఆకారంతో మళ్లీ లెక్కగట్టాలి. మురికి పని, టైమ్ తీసుకునే పని. కానీ కొత్త నాజిల్ మీద వేసిన పది లెక్కలకంటే ఇలాంటి ఒక్క లెక్క ప్లాంటు సమస్యను ఎక్కువగా వివరిస్తుంది.

రేణువులు అంటుకోకుండా ఆర్గాన్ పంపుతారు. ఇక్కడ ఒక చిన్న అంకె దగ్గరే పెద్ద తప్పు జరిగే వీలుంది. మీటర్ మీద కనిపించే ఆర్గాన్ లీటర్లు చల్లటి వాయువువి. అదే వాయువు ఉక్కు వేడికి చేరేసరికి దాదాపు 5 నుంచి 6 రెట్లు ఉబ్బుతుంది. చల్లటి అంకెనే సిమ్యులేషన్‌లో పెడితే బుడగల ప్రభావం లేనట్టే కనిపిస్తుంది. నిజానికి వాయువు పెరిగేకొద్దీ బుడగలు ధారను పైకి లాగుతాయి. ఒక హద్దు దాటాక ధార ఇరుకు గోడదాకా పోకుండా నాజిల్ పక్కనే పైకి లేచి, ఉపరితలం వెంట బయటివైపు ప్రవహిస్తుంది. ఇది సింగిల్ రోల్. రెండు తీరుల మధ్య ఊగిసలాడటం ఇంకా చెడ్డది, ఎందుకంటే ఆ మారే క్షణాల్లోనే ఉపరితలం బాగా కలతపడుతుంది.

సగటు లెక్క మోసం చేసేది ఇలాంటి చోటే. గంటసేపటి సగటులో ఎడమ, కుడి సమానంగా ఉండొచ్చు. కానీ ఆ గంటలో కొన్ని సెకన్లపాటు ఒక పక్క వేగం రెట్టింపైతే, స్లాగ్ లోపలికి పోవడానికి ఆ సెకన్లు చాలు. నాజిల్ కోణాలను పోల్చుకోవడానికి సగటు నమూనా సరిపోతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే లోపం కారణం వెతకాలంటే కాలంతో మారే లెక్క తప్పదు. మోల్డ్‌లో ఉక్కు మట్టం కూడా ఊగుతుంది. 1.5 మీటర్ల వెడల్పు మోల్డ్‌లో ఎడమ కుడిగా ఊగే మొదటి తరంగం సెకనుకు సుమారు 0.7 సార్లు వస్తుంది. మట్టాన్ని కొలిచే సెన్సర్ సాధారణంగా నాజిల్‌కూ ఇరుకు గోడకూ మధ్యలో ఒకే చోట ఉంటుంది. రెండు చివర్లూ కలిసి లేచి పడే తరంగానికి సరిగ్గా ఆ చోటే కదలిక లేని బిందువు. గోడ దగ్గర ఉక్కు ఎగిసిపడుతున్నా కంట్రోల్ రూమ్‌లో గీత తిన్నగానే నడుస్తుంది. సెన్సర్ ఎక్కడ పెట్టాలో చెప్పడం సీఎఫ్‌డీకి ఎవరూ పెద్దగా అప్పగించని పని. చవకలో ఎక్కువ ఫలితం వచ్చే పనుల్లో ఇదొకటి.

పెంకును మర్చిపోవడం ఇంకో పాత అలవాటు. మోల్డ్‌ను ఖాళీ పెట్టెలా తీసుకుంటే ద్రవం మొత్తం కిందికే పోవాలి. వాస్తవంలో అందులో కొంత నిరంతరం పెంకుగా మారి పక్కకు తప్పుకుంటుంది, ద్రవం పోయే దారి కిందికి దిగేకొద్దీ ఇరుకవుతుంది. ఉపరితలం దగ్గర ఈ తేడా చిన్నది. రేణువులు ఎక్కడ చిక్కుకుంటాయో లెక్కించేటప్పుడు మాత్రం వదిలేయకూడదు. గట్టిపడే అంచు నున్నగా ఉండదు, డెండ్రైట్లు అనే కొమ్మల్లాంటి స్ఫటికాలతో నిండి ఉంటుంది. కొమ్మల మధ్య సందుకంటే చిన్న రేణువు తగిలితే చిక్కుకుంటుంది, పెద్దదైతే ప్రవాహం దాన్ని ఊడ్చుకుపోయే వీలుంది. వంపు తిరిగిన కాస్టర్లలో పైకి తేలే రేణువులు వంపు లోపలి వైపు పెంకుకు తగులుతాయి. స్లాబ్‌లో ఒక పక్కనే మలినాలు గుమికూడటానికి కారణం ఇదే. మోల్డ్ కింద రెండున్నర మూడు మీటర్లు నిటారుగా ఉంచి ఆ తర్వాతే వంచే యంత్రాలు వచ్చింది ఈ సమస్య కోసమే.

విద్యుదయస్కాంత బ్రేక్ 1980లలో స్వీడన్ కంపెనీ ఏఎస్ఈఏ (ASEA), జపాన్‌కు చెందిన కవాసాకి స్టీల్ కలిసి రంగంలోకి తెచ్చినది. మోల్డ్ మందం గుండా 0.3 టెస్లా స్థాయి స్థిర క్షేత్రం పెడితే, దాన్ని కోస్తూ పోయే ఉక్కులో విద్యుత్ పుట్టి, ఆ విద్యుత్తే కదలికను అడ్డుకుంటుంది. పేరు బ్రేక్ అయినా అది ధారను ఆపడంతో పాటు దారి కూడా మళ్లిస్తుంది. క్షేత్రం ధారకు పైన ఉందా, మీద ఉందా, కింద ఉందా అన్నదాన్ని బట్టి ఉపరితల వేగం తగ్గనూవచ్చు, పెరగనూవచ్చు. కాబట్టి నాజిల్ లోతు మార్చి బ్రేక్ సెట్టింగ్ అలాగే వదిలేస్తే ఫలితం తారుమారవుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధనశాలలో గది ఉష్ణోగ్రతకే ద్రవంగా ఉండే గాలియం-ఇండియం-టిన్ మిశ్రమంతో చేసిన ప్రయోగాలు ఇంకో సంగతి తేల్చాయి. గోడలు విద్యుత్‌ను ప్రసారం చేయనివైతే బ్రేక్ కింద ధారలు నెమ్మదిగా అటూఇటూ ఊగిపోయాయి. వాహక గోడలు పెట్టగానే ప్రవాహం కుదుటపడింది. నిజమైన కాస్టర్‌లో ఉక్కు పెంకే ఆ వాహక గోడ. పెంకును వదిలేసిన బ్రేక్ సిమ్యులేషన్ లేని భయాన్ని చూపిస్తుంది.

టండిష్ లెక్కలు మోల్డ్ అంత నాటకీయంగా ఉండవు గానీ ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. 100 మైక్రాన్ల అల్యూమినా రేణువు నిశ్చలమైన ఉక్కులో సెకనుకు సుమారు 3 మి.మీ. చొప్పున తేలుతుంది. ఒక మీటరు లోతు దాటడానికి 6 నిమిషాలు. 50 మైక్రాన్ల రేణువుకు అదే దూరం 24 నిమిషాలు. టండిష్‌లో ఉక్కు సగటున ఉండేది పది నిమిషాల చుట్టుపక్కలే. అంటే చిన్న రేణువులు తమంతట తాము తేలే అవకాశం తక్కువ. ప్రవాహమే వాటిని పైనున్న స్లాగ్ దాకా మోసుకెళ్లాలి, లేదా రేణువులు ఒకదానితో ఒకటి ఢీకొని పెద్దవి కావాలి. పైగా ఆ పది నిమిషాలు సగటు మాత్రమే. అడ్డుగోడలు సరిగా లేకపోతే కొంత ఉక్కు లేడిల్ ధార నుంచి నేరుగా నాజిల్‌కు నిమిషంలోపే చేరిపోతుంది, ఇంకొంత మూలల్లో కదలకుండా పడి ఉంటుంది. అడుగున అలజడిని అణచే ప్యాడ్, అడ్డుగోడల ఎత్తు, వాటి చోటు తేల్చడంలో సిమ్యులేషన్ చాలా నమ్మదగినది. ఇక్కడ ఉష్ణోగ్రత తేడాలను మాత్రం వదలకూడదు. టండిష్‌లో వేగాలు తక్కువ కాబట్టి, లేడిల్ నుంచి వచ్చే ఉక్కు కొన్ని డిగ్రీలు చల్లబడినా ధార అడుగుకు దిగిపోయి మొత్తం తీరు మారుతుంది.

ఇన్ని ఊహల మీద నిలబడ్డ లెక్కను ప్లాంటులో సరిచూడటానికి వాడే సాధనం మేకులు. వినడానికి ఎగతాళిలా ఉన్నా నిజం. ఒక చెక్కకు వరసగా మేకులు కొట్టి, వాటి పక్కన అల్యూమినియం తీగలు పెట్టి, పౌడర్ పొర గుండా ఉక్కులోకి కొన్ని సెకన్లు ముంచి తీస్తారు. మేకు చివర ఉక్కు ముద్దగా గట్టిపడుతుంది. ప్రవాహం ఎదురుగా వచ్చిన వైపు ఎత్తుగా, వెనక వైపు తక్కువగా ఉంటుంది. ఆ తేడానుంచి ఉపరితల వేగం, దిశ లెక్కగట్టొచ్చు. తీగ ఎంతవరకు కరిగిందో చూస్తే ద్రవ స్లాగ్ మందం తెలుస్తుంది. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ థామస్ బృందం ఈ మేకుల కొలతలను, సిమ్యులేషన్‌ను పక్కపక్కన పెట్టి చాలా పని చేసింది. మోల్డ్ గోడలో వేడిని కొలిచే థర్మోకపుల్స్ ఇంకో సాక్ష్యం. ఈ రెండూ లేకుండా తయారైన నివేదికను ఏ కాస్టర్ మేనేజరూ నాజిల్ కొనుగోలుకు ఆధారం చేసుకోకూడదు.

ఒక్కో లెక్కకు రోజులు పడుతుంటే నడుస్తున్న పోతలో నిర్ణయానికి అది అందదు. ఇప్పుడు పరిశోధన ఎక్కువగా పోతున్నది ఆ దిశలోనే. వందల సిమ్యులేషన్లు ముందే చేసి పెట్టుకుని, వాటినుంచి వేగంగా జవాబు అంచనా వేసే చిన్న నమూనాను తయారుచేసి, కంట్రోల్ రూమ్‌లో నడపాలన్నది ఆలోచన. వెడల్పు, వేగం, నాజిల్ లోతు, ఆర్గాన్ ఇస్తే ఉపరితల వేగం క్షణంలో వస్తుంది. ఇచ్చే వాటిలో స్టాపర్ రాడ్ స్థానం కూడా చేర్చకపోతే ఆ నమూనా మళ్లీ కొత్త నాజిల్ గురించే చెబుతూ ఉంటుంది. అది నేర్చుకున్న హద్దులు దాటినప్పుడు, ఉదాహరణకు ఎన్నడూ పోయని వెడల్పు ఆర్డర్ వస్తే, దాని జవాబును పక్కన పెట్టి పూర్తి లెక్క మళ్లీ చేయాలి, మొదటి హీట్‌లోనే మేకుల చెక్కను కూడా ముంచి చూసుకోవాలి.